తీర్పరికి ఓటు లేదు

మార్చి 4
సర్వే క్యాంపు, రెండో నంబరు రేకుల షెడ్డు

మహారాజశ్రీ మేనత్తగారి సముఖానికి,

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలో నేను రాయబోయే ప్రతి మాటకీ, రాయకుండా మింగబోయే ప్రతి మాటకీ, నా ఆవేశానికీ, నా అక్షరాల వంకరకీ, దీన్ని చదవడానికి తమరు డిపోలో ఖర్చు చేయబోయే ఆరు నిమిషాలకీ, ఆ ఆరు నిమిషాల వల్ల ఆలస్యంగా బయల్దేరే బస్సుకీ, అందులో కూర్చుని టైమ్ కీపర్ని తిట్టుకునే ప్రయాణికులందరికీ రెండు చేతులూ జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. వీటిలో ఒక్కదానికీ నాకు నిజంగా బాధ లేదని కూడా మనవి చేసుకుంటున్నాను. పద్ధతి కోసం చెప్పానంతే.

ఇక విషయం. కండక్టర్ మామ ఉత్తరం అందింది. మన "ఏడు రేవులు" ఆటకి కొత్త ఎడిషన్ వచ్చిందట, పెట్టె తెచ్చి డిపో రెస్ట్ రూములో మన బల్ల మీద పెట్టాడట. రంగుల బోర్డట, మడిచినా గీత పడదట, పడవలు చెక్కవి కావట. ఇకనుంచి దాంతోనే ఆడదాం, ఏప్రిల్ ఏడు ఆదివారం ఓట్ల లెక్కింపు, నీ ఓటు పోస్టులో పంపు అన్నాడు.

నా ఓటు పాతదానికే. కింద రెండు గీతలు గీశాను, గమనించగలరు.

చరిత్రకారుల సౌకర్యం కోసం మొదటినుంచీ చెబుతాను. పన్నెండేళ్లుగా ఆదివారం మధ్యాహ్నం బస్సులన్నీ వెళ్లిపోయాక ఆ బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటున్నాం. కండక్టర్ మామ, లెక్కల టీచర్, నేను పడవలు నడిపే సరంగులం. నువ్వు తీర్పరివి. మేం రేవు నుంచి రేవుకి సరుకు చేరవేస్తాం. దారిలో తుఫాను ఎప్పుడు లేస్తుందో, ఎవడు అబద్ధమాడుతున్నాడో, ఏ రేవులో ఎవరు అడ్డం పడతారో నువ్వు చెబుతావు. ఐదో రేవులో సుంకం వసూలు చేసే దొరసాని గొంతు నువ్వు తీశావంటే, నిజంగానే తనిఖీ జరుగుతుందేమోనని టీచర్‌గారు తన హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కుంటారు. ఈ పని ఏ కొత్త పెట్టె చేస్తుంది?

పాత ఆట నియమాల పుస్తకం అట్ట ఊడింది, నిజమే. టేపు మీద టేపు వేశాం. పటం మీద కండక్టర్ మామ టీ గ్లాసు పెట్టిన చోట గుండ్రంగా మరక పడితే దాన్ని దీవి అనుకుని మూడేళ్లు దాని చుట్టూ తిరిగి వెళ్లాం. 31, 32 పేజీలున్న కాగితాన్ని ఎలుక కొట్టేసింది. అయినా ఆట ఆగిందా? ఎలుకే ఆపలేనిదాన్ని కండక్టర్ ఆపుతాడా?

ఉద్యోగం బాగుంది. డిగ్రీ చదివినందుకు ఎరుపు తెలుపు చారల కర్ర ఒకటి నా చేతికిచ్చారు. అది పట్టుకుని ఎండలో నిలబడతాను. దూరం నుంచి ఇంజనీరు దుర్భిణిలో కర్రని చూస్తాడు. నన్ను మాత్రం చూడడు.

ఇక ఎప్పటిలాగే పోస్టులో పంపే నా ఎత్తు: ఉప్పు బస్తాలతో ఐదో రేవు వైపు. పాచిక పడింది, నాలుగు. సాక్షి సంతకం పెట్టింది మా క్యాంపు వంటాయన. పాచిక బల్ల మీది మజ్జిగ గిన్నెలో పడిందనీ, తీసి చూస్తే నాలుగేననీ ఆయన ప్రమాణం చేస్తున్నాడు.

తమ కుర్చీకి కాపలాదారు,
అల్లుడు


మార్చి 9
డిపో, టైమ్ కీపర్ గది

అల్లుడికి,

ఉత్తరం 14.20కి అందింది. చదవడానికి నాలుగు నిమిషాలే పట్టింది. బస్సేదీ ఆలస్యం కాలేదు.

పంక్తులు కొండెక్కి దిగుతున్నాయి. తెల్లకాగితం మీద రాసేటప్పుడు స్కేలు పెట్టి సన్నగా పెన్సిల్ గీతలు గీసుకోమని రెండో తరగతిలో నేర్పాను. ట్రిప్ షీట్లు గీసేటప్పుడు నా పక్కన కూర్చుని నువ్వూ గీసేవాడివి. చదువు ఎక్కువయ్యేసరికి గీత తప్పింది.

ఎత్తు చెల్లింది. మజ్జిగలో పడ్డ పాచిక చెల్లుతుందా అని కండక్టర్ పేచీ పెట్టాడు. నేలమీద పడితేనే చెల్లదు, గిన్నె బల్ల మీదుంది కాబట్టి చెల్లుతుందని తీర్పిచ్చాను. ఫోన్లో చెప్పేస్తే ఈ గొడవ ఉండదుగా అన్నాడు. నాలుగేళ్ల కిందట తను ఫోన్లో చెప్పిన ఎత్తుని తర్వాత తనే చెప్పలేదన్నాడని గుర్తు చేశాను. ఎత్తయినా ఓటైనా కాగితం మీదే.

నీ ఉపన్యాసం అందరికీ చదివి వినిపించాను. కండక్టర్ ఓటు కొత్తదానికి. టీచర్ ఇంకా తేల్చుకోలేదు, బహుశా కొత్తదానికే. నా సంగతి అడగలేదు నువ్వు. అడిగినా లాభం లేదు, తీర్పరికి ఓటు లేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. కొత్తదాంట్లో తీర్పరే ఉండరు. బదులుగా డెబ్బై రెండు చీటీలున్నాయి. చీటీ తీస్తే తుఫానో, సుంకమో, దొంగలో అదే చెబుతుంది. నలుగురూ ఆడొచ్చు. ఆ మాట నిదానంగా ఆలోచించు.

ఎండలో నిలబడేటప్పుడు తలకి ఏదైనా కట్టుకో.

మీ అత్త


మార్చి 13
రేకుల షెడ్డు, ఇప్పుడు కోట అని పిలువబడుచున్నది

అత్తా,

ఆలోచించాను. నిదానంగా కాదు. నిదానంగా ఆలోచించాల్సిన విషయమా ఇది!

తీర్పరే ఉండరా? పన్నెండేళ్లు కుర్చీలో కూర్చుని, మూడు వందల తుఫానులు తెచ్చి, కండక్టర్ మామ పడవని పదకొండుసార్లు ముంచి, మళ్లీ పదకొండుసార్లూ జాలిపడి తేల్చిన మనిషి స్థానంలో చీటీలా? చీటీకి గొంతుందా? కండక్టర్ మామ తొండి చేస్తే చీటీ కళ్లద్దాల పైనుంచి చూస్తుందా?

పైగా నలుగురూ ఆడొచ్చట! మేం ముగ్గురం. నాలుగోవాడెవడు? నిన్ను లేపేసి ఎవడినో తెచ్చి కూర్చోబెడుతున్నారన్నమాట. క్యాంటీన్ క్యాషియరేగా? నాకు ఎప్పటినుంచో అనుమానమే. మనం ఆడుతుంటే కిటికీలోంచి తొంగి చూసేవాడు.

నువ్వు పైకి చెప్పుకోలేవు, తీర్పరికి ఓటు లేదు కాబట్టి. "నా సంగతి అడగలేదు నువ్వు" అన్న ఒక్క ముక్కలో నీ బాధంతా నాకు అర్థమైపోయింది. నోరు లేని నీ తరఫున నేను నోరు చేసుకుంటున్నాను. నిన్న లెక్కల టీచర్‌గారికి విడిగా ఒక ఉత్తరం రాశాను. అందులో ఏం రాశానో అడక్కు. రాయి కూడా కరుగుతుందని మా వంటాయన అన్నాడు. విని ఆయనే కరిగాడు. పాతదానికి మద్దతుగా సంతకం కూడా పెట్టాడు. ఆట ఏమిటో ఆయనకి తెలియదు, కానీ అన్యాయం ఎక్కడున్నా సహించనన్నాడు.

నిన్ను ఆ కుర్చీలోంచి ఎవడు లేపుతాడో నేనూ చూస్తాను.

నా ఎత్తు: ఐదో రేవు దాకా వచ్చేశాను. పాచిక ఆరు. (సాక్షి అదే వంటాయన. ఈసారి గిన్నె మూతపెట్టే ఉంది.)

ప్రాణం ఉన్నంతవరకూ పాత ఎడిషన్,
అల్లుడు


మార్చి 18
డిపో

అల్లుడికి,

నిన్నటి ఆదివారం జరిగింది వరసగా రాస్తాను.

14.10కి టీచర్ వచ్చింది. చేతిలో నీ ఉత్తరం. కూర్చోకుండానే పైకి చదివింది. "మా అత్తకి ఆదివారం తప్ప వారంలో వేరే రోజు లేదు. ఆ కుర్చీ లాగేస్తే మనిషి నీరుగారిపోతుంది" అని రాశావు. అక్కడ ఆగి కళ్లద్దాలు తుడుచుకుంది. తన ఓటు పాతదానికేనంది. 14.25కి కండక్టర్ లేచి బయటికి వెళ్లాడు. 14.40కి తన సీటు మీది దిండు పట్టుకొచ్చి నా కుర్చీలో వేశాడు. "అక్కా, నాకు తెలియలేదు, ఏమీ అనుకోకు" అన్నాడు. ఇద్దరూ నన్ను ఆసుపత్రి మంచం మీద పేషెంటుని చూసినట్టు చూశారు. ఆట సాగలేదు. తుఫాను తెస్తే అది కూడా దుఃఖం కొద్దీ తెచ్చాననుకుంటారని వాన కూడా కురిపించలేదు.

ముప్పై ఒక్క ఏళ్లుగా రోజుకి నూట నలభై బస్సులు నేను సంతకం పెడితే కదులుతున్నాయి. నేను నీరుగారే మనిషినని నీకెవరు చెప్పారు? నా మీద జాలిపడమని నిన్నెవరు అడిగారు?

దిండు తిరిగి ఇచ్చేశాను.

క్యాంటీన్ క్యాషియర్‌కి ఆట రాదు. కిటికీలోంచి చూసేది ఖాళీ గ్లాసుల కోసం. నాలుగో మనిషి ఎవరో చేతివేళ్లు పెట్టి లెక్కపెట్టుకో.

అత్త


మార్చి 22
షెడ్డు. కోట అనే మాట ప్రస్తుతానికి ఉపసంహరించుకోవడమైనది

అత్తకి,

లెక్కపెట్టాను. బొటనవేలు కండక్టర్ మామ, చూపుడువేలు టీచర్‌గారు, మధ్యవేలు నేను. ఉంగరం వేలు దగ్గర చాలాసేపు ఆగాను. కర్ర పట్టుకుని నిలబడ్డవాణ్ని వేళ్లు లెక్కపెడుతుంటే అవతల ఇంజనీరు ఏదో కొలత చెబుతున్నాననుకుని నోట్ చేసుకున్నాడట. ఇక్కడ వేయబోయే రోడ్డు ఎక్కడైనా నాలుగు అడుగులు పక్కకి జరిగితే కారణం నువ్వే.

నాలుగో మనిషివి నువ్వా?

కోపగించుకోకుండా విను. నీకు ఆడాలనుందా? ఎప్పటినుంచి? ఒక్కసారైనా అనలేదే! నువ్వు పడవెక్కితే గాలి ఎవరు వీస్తారు? దొరసాని ఎవరవుతారు? చీటీయా? "మీ సరుకులో మూడో వంతు జప్తు" అని అట్టముక్క మీద అచ్చేసి ఉంటే దానికి ఎవరు భయపడతారు? ఏదీ, నువ్వు పడవ నడపడం నేను ఊహించుకోలేకపోతున్నాను. నువ్వంటే ఆ కుర్చీయే నాకు. నీకు జాలి నచ్చలేదు, బాగుంది, వెనక్కి తీసుకుంటున్నాను. ఓటు మాత్రం తీసుకోను. జాలితో వేసింది కాదు. ఆ చీటీల పెట్టె నా ఎదురుగా తెరవనివ్వను.

ఎత్తు లేదు. నా సరంగు ఐదో రేవులో అలిగి కూర్చున్నాడు.

అల్లుడు


మార్చి 27
ఇల్లు. ఈరోజు సెలవు పెట్టాను

అల్లుడూ,

సెలవెందుకంటే, డిపోలో కూర్చుని రాస్తే ట్రిప్ షీట్ నింపినట్టు రాస్తున్నాను. ఇంట్లో వంటింటి బల్ల మీద రాస్తే మనిషిలా రాస్తానేమోనని.

ఎప్పటినుంచి అని అడిగావు. తొమ్మిదేళ్లనుంచి. నా డెస్కు సొరుగులో, పాత ట్రిప్ షీటు వెనక వైపు, నా సరంగు ఉంది. నిజానికి సరంగు కాదు, పుట్టి నడిపే ముసలావిడ. పెద్ద పడవ లేదు. ఎడమ చేతి వాటం. ఈత రాదు. నోరెక్కువ. సుంకం కట్టకుండా తప్పించుకోవడంలో ఆరుకి ఆరు. పేరు కూడా పెట్టాను, నీకు చెప్పను, నవ్వుతావు. ఎప్పుడైనా ఎవరైనా "ఇవాళ నువ్వు ఆడు, నేను చూసుకుంటా" అంటారని ఆ కాగితం ప్రతి ఆదివారం బ్యాగులో పెట్టుకుని వచ్చేదాన్ని. ఎవరూ అనలేదు. మీ తప్పు కాదు. నేను బాగా చేస్తున్నానని అందరూ అనేవారు. బాగా చేసేవాళ్లని ఎవరు లేపుతారు?

పన్నెండేళ్లుగా మీ ముగ్గురినీ తుఫానుల్లో తడిపాను. నేను ఒక్కసారీ తడవలేదురా.

అడగొచ్చు కదా అంటావు. తీర్పరి తనకోసం అడిగితే ఇక తీర్పరి ఎలా అవుతుంది? కొత్త పెట్టె రాగానే, అడక్కుండానే దిగొచ్చు కదా అనుకున్నాను. నీ ఉత్తరంతో అదీ పోయింది. సరే, ఓటు ఓటే. బతిమాలను. ఇప్పుడు కూడా తీర్పు చెప్పమంటే నీ ఓటు చెల్లుతుందనే చెబుతాను.

ఇంకో సంగతి ఉంది. టీచర్ కొత్త పుస్తకం ముందుమాట చదివింది. "పాత కూర్పులో ప్రతి ఏడో ఆటకీ తీర్పరి మారేవారు. ఆ కుర్చీ చాలామందికి బరువుగా ఉందని తెలిసి ఈసారి తీసేశాం" అని ఉంది. మన పుస్తకంలో అలాంటి మాట ఎక్కడుంది అని అడిగింది. ముప్పయ్యో పేజీలో "తీర్పరి కుర్చీ గురించి ముఖ్యమైన నియమం" అని మొదలవుతుంది, ముప్పై మూడు దగ్గర వేరే విషయం. టీచర్ లెక్క వేసింది. ఈ పన్నెండేళ్లలో ఆ కుర్చీ ఎనభై తొమ్మిదిసార్లు మారాల్సింది.

తర్వాత పుస్తకం కుట్టు దగ్గర విప్పి, వెలుతురుకి పట్టుకుని చూసింది. "అక్కా, ఎలుక స్కేలు పెట్టి కొరకదు" అంది.

నాకు ఆ కాగితం పోయినప్పుడు ఎలుకల బోను పెట్టిన సంగతి గుర్తొచ్చింది. మర్నాడే ఒకటి పడింది కూడా.

అందరికంటే ముందు ఆ పుస్తకం చదివింది నువ్వు. అందులో ఏముందో నీకేమైనా గుర్తుందా?

అత్త


ఏప్రిల్ 1
సర్వే క్యాంపు

అత్తా,

ఈ తారీఖు చూసి ఇదంతా వేళాకోళం అనుకోవద్దు. ఉత్తరం ఈరోజే రాయడం అయింది, ఏం చెయ్యను? రాత్రి రాసింది చింపేశాను. పొద్దున రాసింది వంటాయన చదివి, నాటకంలా ఉందని పొయ్యిలో పెట్టాడు. ఇది మూడోది. పెన్సిల్ గీతలు గీసుకుని రాస్తున్నాను, చూశావుగా.

ముందు నా ఓటు. మారలేదు. పాతదే. కోర్టుకెక్కినా, కండక్టర్ మామ దిండు పట్టుకుని క్యాంపుకి వచ్చి నిరాహార దీక్ష చేసినా పాతదే. మొండివాడినంటావు. మొండితనానికి ఈసారి కారణం వేరే ఉంది. మరక దీవి ఉన్న ఆ పటం మీదే, మేం తడిసిన ఆ నీళ్లలోనే నువ్వు పుట్టి నడపాలి. రంగుల బోర్డు మీద, నీ గొంతు ఎప్పుడూ వినని కొత్త రేవుల్లో కాదు. ఎనభై తొమ్మిదిసార్లు మారాల్సిన కుర్చీ అది. నిన్ను చీటీ లేపడానికి వీల్లేదు. మనిషే లేపాలి.

సెలవు దొరికింది. ఇంజనీరు కారణం అడిగాడు. "కుర్చీ బాధ్యతలు స్వీకరించాలి సార్" అన్నాను. ప్రమోషన్ అనుకుని అభినందించాడు. ఏడో తారీఖు 13.35 బస్సులో దిగుతాను. ఆలస్యమైతే రాసుకో.

ఆ రోజు నువ్వు బల్లకి ఇటువైపు కూర్చుంటావు. ట్రిప్ షీటు వెనకనున్న ముసలావిడని తీసుకురా. తుఫాను నేను తెస్తాను. దొరసాని గొంతు కూడా నేనే తీస్తాను. క్యాంపు వెనక గుట్ట మీద రెండు రోజులుగా సాధన చేస్తున్నాను. నిన్న గొంతు తీసేసరికి కొలతలు తీసే కుర్రాళ్లిద్దరు టేపు వదిలేసి పరిగెత్తారు. ఎవరికో దెబ్బ తగిలిందనుకున్నారట. నీలాగా రాదు. రాకపోయినా నవ్వకూడదు, తీర్పరిని చూసి నవ్వితే ఒక ఎత్తు కోల్పోతారని ఇరవై ఎనిమిదో పేజీలో ఉంది. ఆ పేజీ ఉంది.

టీచర్‌గారికి ఇంకో ఉత్తరం రాశాను. మా అత్త నీరుగారే మనిషి కాదు, నా బుర్రే అప్పుడు నీళ్లలో ఉందని. కండక్టర్ మామకి చెప్పు, రంగు పడవలు తీసుకురమ్మని. పాత బోర్డు మీద కొత్త పడవలు నడపకూడదని ఎక్కడా లేదు. తీర్పు నాది కాబట్టి చెల్లుతుంది.

నా ఎత్తు: నా సరంగు ఐదో రేవులో లంగరు వేసి ఆగుతాడు. ఈత రాని ఒక ముసలావిడ పుట్టి వేసుకుని వస్తుందట, ఆవిడ వచ్చేదాకా కదలడు. పాచిక వెయ్యలేదు. ఆగడానికి పాచిక అక్కర్లేదు. సాక్షిగా వంటాయన ఊరికే సంతకం పెడతానన్నాడు, అలవాటైపోయింది.

ఇక ఈ కవరులో ఇంకో కాగితం ఉంది. నాలుగు మడతలు. మడతల దగ్గర చిరిగిపోతోంది, జాగ్రత్తగా విప్పు. పన్నెండేళ్లు నా దగ్గరే ఉంది. ముందు జామెట్రీ బాక్సులో, తర్వాత డిగ్రీ పట్టా వెనకాల. పారేద్దామని ఎన్నిసార్లో తీశాను, ప్రతిసారీ ఇంకోసారి చదివి లోపల పెట్టేసేవాణ్ని. మొదటి వాక్యం నాకు నోటికి వచ్చు. "ఏడు ఆటలు పూర్తికాగానే తీర్పరి తన కుర్చీని ఎడమ పక్కవారికి అప్పగించి, తానే ఒక సరంగుగా ఆటలోకి దిగవలెను."

నీ ఎడమ పక్కన కూర్చునేది నేను. అప్పుడు పదకొండేళ్లు నాకు. నువ్వు డ్యూటీలో ఉండగా పుస్తకమంతా చదివేశాను. ఆరో ఆదివారం అయిపోయింది. ఆ రోజే నువ్వు మొదటిసారి దొరసాని గొంతు తీశావు. ఆ గొంతు విని నేను బల్ల కిందికి దూరాను, గుర్తుందా? నువ్వు వంగి, అదే గొంతుతో, "బల్ల కింద దాక్కున్న సరుకు మీద కూడా సుంకం ఉంది" అన్నావు. వచ్చే ఆదివారం తర్వాత ఆ కుర్చీలో నేను కూర్చోవాలి, నువ్వు మాట్లాడటం ఆపెయ్యాలి. నాకది అసలు నచ్చలేదు.

మొదటి ఉత్తరంలో చాలావాటికి క్షమాపణ అడిగాను. అవేవీ నేను చెయ్యలేదు. బస్సు ఆలస్యం కాలేదని నువ్వే రాశావు. చేసింది ఇదొక్కటి. ఎలుక కాదు. నేనే. నీ డెస్కు మీదున్న పెన్సిల్ చెక్కే బ్లేడుతో.

టీచర్‌గారు సరిగ్గానే చెప్పారత్తా. స్కేలు పెట్టే కోశాను. గీత తిన్నగా రావాలని నువ్వే నేర్పావు కదా.

అల్లుడు